ఆరు లిఫ్టులూ అచ్చు వేయండి

సంపాదకుల గారికి నమస్కారం.

నాది ఆమదాలవలస. రైల్వేస్టేషన్‌కి వెళ్లే దారిలో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం నడుపుతున్నాను. పొద్దున్నే మిషను ముందు కూర్చునే లోపు మీ పత్రికలో ఆటల పేజీ చదివేస్తాను. మిగతా పేజీలు మధ్యాహ్నం అన్నాలయ్యాకే. ఆ ఆటల పేజీ గురించి మిమ్మల్ని ఒక్కటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. వెయిట్ లిఫ్టింగ్ ఫలితం వేసేటప్పుడు పతకం రంగూ, ఎత్తిన మొత్తం బరువూ వేసి ఊరుకోకండి. బార్‌ని నేల మీద నుంచి ఒక్క ఊపున నెత్తి మీదకి ఎత్తే స్నాచ్‌లో మూడు, ముందు ఛాతీ మీదకి తెచ్చి అక్కణ్నుంచి పైకి తోసే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు, మొత్తం ఆరు ప్రయత్నాలుంటాయి. ఒక్కోదాంట్లో నిలబెట్టిన పెద్ద బరువు తీసుకుని, ఆ రెండూ కలిపితే మొత్తం. ఆ ఆరూ వేయండి. ఏది నిలబెట్టింది, ఏది వదిలేసింది, అన్నీ వేయండి. పతకం వస్తే వేయండి, రాకపోతే మరీ తప్పకుండా వేయండి.

నా దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంది, కిరాణా కొట్లో అరువు ఖాతా రాసే రకం. అడ్డంగా గళ్లు కొట్టుకున్నాను. పోటీ జరిగిన ఊరు, తేదీ, లిఫ్టరు పేరు, ఒంటి బరువు తరగతి, ఆ తర్వాత ఆరు గళ్లు, చివర మొత్తం. ఎత్తితే అంకె రాస్తాను, ఎత్తలేకపోతే అంకె మీద అడ్డగీత గీస్తాను. ఆ పుస్తకం తిరగేస్తే నాకు కళ్లు చెమర్చేది ఓడిపోయిన వరుసల దగ్గర కాదు. ఖాళీ గళ్ల దగ్గర. పాత రోజుల వరుసల్లో చాలావాటికి చివరి గడిలో మొత్తం మాత్రమే ఉంటుంది. ఆ మనిషి ఆ రోజు ఏం పడిందో, ఎక్కడ తడబడిందో, ఎక్కడ తేరుకుందో, ఏమీ ఉండదు. పత్రికలో రాలేదు కాబట్టి నా పుస్తకంలోకీ రాలేదు.

వెయిట్ లిఫ్టింగ్‌ని ప్రేమించేవాళ్ల అవస్థ ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. బార్ నేల వదిలిన దగ్గర్నుంచి నెత్తి మీద నిలబడేదాకా స్నాచ్‌కి నాలుగైదు సెకన్లు, క్లీన్ అండ్ జెర్క్‌కి ఇంకాస్త. ఒక మనిషి ఆరు లిఫ్టులూ కలిపినా నిమిషం నిండదు. ఏడాది పొడుగునా మనం ఎదురుచూసేది ఆ నిమిషం కోసం. పేరు పిలవగానే గడియారం తిరగడం మొదలవుతుంది. చేతులకి సుద్దపొడి రాసుకుని వస్తుంది, బార్ ముందు నిలబడుతుంది, వంగుతుంది. గడియారంలో సెకన్లు తరుగుతుంటే చూసేవాళ్ల నోరు ఎండిపోతుంది. క్లీన్‌లో బార్ ఛాతీ మీదకొచ్చి మనిషి గొంతుక్కూర్చుని ఉంటుంది చూడండి, అక్కణ్నుంచి లేస్తుందా లేవదా అన్నది నా ప్రాణం తీసే చోటు. లేచినా అయిపోలేదు. ఊపిరి బిగబట్టి, మోకాళ్లు కొంచెం వంచి, ఒక్క విసురున పైకి తోసి, కాళ్లు ముందుకీ వెనక్కీ చాపి దాని కిందకి దూరాలి. మోచేతులు బిగుసుకుని ఉండాలి. కాస్త వంగి మళ్లీ నిలబెట్టినా ఎర్రదీపమే. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరైనా తెల్లదీపం ఇస్తేనే లిఫ్టు చెల్లుతుంది. క్రికెట్‌లో ఓడిపోయే మ్యాచ్ గంట ముందే తెలిసిపోతుంది, మనసు మెల్లగా సర్దుకుంటుంది. ఇక్కడ ఆ వ్యవధి ఉండదు. సంబరమైనా దుఃఖమైనా ఒక్కసారే మీద పడుతుంది.

నాకీ ప్రేమ ఎలా పుట్టిందో మా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఊసవానిపేట మాకు పక్కనే. కరణం మల్లీశ్వరిదీ నాదీ దగ్గర దగ్గర వయసు. ఆమె 1994లో, 1995లో ప్రపంచ విజేత అయినప్పుడు నేను కుట్టుపని నేర్చుకుంటున్నాను. మా అమ్మకి ఈ ఆటంటే భయం. "ఆడగుంట బరువులెత్తితే కడుపు జారిపోద్దే" అనేది. ఊళ్లో చాలామంది అలాగే అనేవారు. పత్రికలో ఫొటో వచ్చిన రోజు అదే మా అమ్మ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి, "ఓలమ్మ, అదెంత బరువే?" అని అడిగింది. నేను అంకె చెప్పాను. రెండు బియ్యం బస్తాల లెక్క వేసుకుని, "మనిసేనా!" అంది. ఆ రోజు నుంచి నాకు అంకెల పిచ్చి పట్టింది. మనిషి గొప్పతనం మా అమ్మకి అర్థమైంది అంకెతోనే, పొగడ్తతో కాదు.

ఇక సిడ్నీ. 2000 సెప్టెంబరు 19. ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. 54 కేజీల తరగతిలో ప్రపంచాన్ని గెలిచిన మనిషి, 69 కేజీల తరగతిలో దిగింది. ఆమె లావెక్కిపోయిందని, పని అయిపోయిందని, పంపడమే దండగని పోటీకి ముందు రాసినవాళ్లున్నారు. ఆ రాతలు చదివిన రోజుల్లో నాకు అన్నం సయించలేదు. చదువుకున్నవాళ్లు రాసినది కదా, నిజమేమోనన్న భయం ఒక పక్క, మా పిల్లని ఇలా అంటారా అన్న కోపం ఒక పక్క. పతకం వచ్చిందని తెలిసిన సాయంత్రం మా వీధిలో పంచదార పంచుకున్నాం. స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కేజీలు, కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మా ఊసవానిపేట పిల్ల. ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి వచ్చిన పతకం అదొక్కటే. పెద్దవాళ్లు, చిన్నవాళ్లు, ఏనాడూ బార్ ముఖం చూడనివాళ్లు, అందరూ "మనది, మనది" అన్నారు. మా అమ్మ కూడా ఆ సాయంత్రం అదే మాట అంది.

ఆ సంబరం లోపలే ఒక ముల్లు గుచ్చుకుంది, అది ఈ రోజుకీ దిగలేదు. చైనా లిఫ్టర్ లిన్ వెయినింగ్ మొత్తం 242.5. హంగరీ లిఫ్టర్ మార్కుష్ ఎర్జెబెత్ మొత్తం కూడా 242.5. ఇద్దరికీ సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవాళ్లు ముందు, అది అప్పటి నియమం, అందుకని స్వర్ణం చైనాకి వెళ్లింది. మన 240కీ ఆ 242.5కీ తేడా రెండున్నర కేజీలు. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి 137.5 అడిగింది. నిలబెట్టి ఉంటే 247.5, ఎవరి ఒంటి బరువుతోనూ పని లేకుండా స్వర్ణం. నిలబడలేదు.

మా ఇంటాయన ఆనాటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారు, 135 అడిగితే సరిపోయేదని. 110కి 135 కలిపితే 245. ఆయన లెక్క తప్పు కాదు. అప్పట్లో రెండున్నర కేజీల చొప్పునే పెంచాలి, ఒక్కో కేజీ పెంచుకునే వెసులుబాటు 2005లో వచ్చింది. 132.5 అడిగితే ముగ్గురూ సమానమై ఒంటి బరువు దగ్గర తేలాలి. 135 అయితే అందరికంటే పైన. మరి 137.5 ఎందుకు? నా మాట వేరు. పోటీ అయిపోయాక నిలిచిన అంకెలు చూసి 135 చాలనడం సులువు. ఆ క్షణాన వేదిక వెనక కూర్చున్నవాళ్లకి ఎదుటివాళ్ల చేతిలో ఇంకా ఎన్ని ప్రయత్నాలు మిగిలున్నాయో, వాళ్లు ఎంత అడగబోతున్నారో, అది చూసుకుని ఒక అడుగు ఎక్కువ వేసి ఉంటారు. స్వర్ణం కోసమే దిగిన మనిషి భద్రంగా ఎందుకు ఆడాలి? ఇలా మేమిద్దరం ఎన్ని రాత్రుళ్లు వాదించుకున్నామో. తేలదు. తేలడానికి కావలసింది ఆ ముగ్గురివీ ఆరేసి ప్రయత్నాలు పక్కపక్కన. తక్కువ బరువు అడిగినవాళ్లే ముందు ఎత్తాలి కాబట్టి, ఆ పద్దెనిమిది అంకెలుంటే ఎవరి తర్వాత ఎవరొచ్చారో మేమే కట్టుకోగలం. మా ఇంటికొచ్చిన పత్రికలో మొదటి పేజీ నిండా అభినందనలు వచ్చాయి. పెద్దవాళ్ల ప్రకటనలు, నజరానాలు, అన్నీ వచ్చాయి. ఆ అంకెలు రాలేదు. దేశం ఆమెని ఆకాశానికెత్తిన రోజున కూడా ఆమె ఏం చేసిందో పూర్తిగా ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత 2004 ఏథెన్స్‌లో నడుము గాయంతో ఆమె పోటీ పూర్తి చేయలేకపోయింది. ఆ వరుస గురించి నాకు రాయాలని లేదు.

మా ఆడపడుచుని నెల్లిమర్లలో ఇచ్చాం. అందువల్ల కొండవెలగాడ కబుర్లు నాకు ఎప్పటికప్పుడు తెలుస్తాయి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో ఉన్న ఆ ఊరు వెయిట్ లిఫ్టింగ్‌కి పెట్టింది పేరు. అక్కడ బరువులెత్తి రైల్వేలో, సైన్యంలో, పోలీసుల్లో ఉద్యోగాలు తెచ్చుకున్న పిల్లలున్నారు. కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన వీరఘట్టం మొదలుకుని మా వైపంతా బలం మీద మోజున్న నేల. ఆ కొండవెలగాడ పిల్ల మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల తరగతిలో 83, 105, మొత్తం 188 ఎత్తి మూడో స్థానంలో నిలిచింది. మా ఆడపడుచు ఫోను చేసి అరిచిన అరుపు నాకు ఇంకా చెవుల్లో ఉంది. కొద్దిరోజులకే మొదటి స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిందని, పతకం వెనక్కి తీసుకున్నారని, సంతోషి కాంస్యం రజతమైందని తెలిసింది.

అభిమానం ఎంత మెలికలు పెడుతుందో నాకు ఆ వారమే తెలిసింది. రజతం వచ్చిందంటే గంతులెయ్యాలి కదా. వెయ్యలేకపోయాను. ఆ నైజీరియా పిల్లకి పదహారేళ్లు. ఆ వయసు పిల్లకి ఎవరు ఏం ఇచ్చారో అని దిగులేసింది. మన పిల్లకి రజతం వేదిక మీద, జనం చప్పట్ల మధ్య రావలసింది, అలా రాలేదన్న బాధ వేరే. ఎంత న్యాయంగా వచ్చినా ఆ నిమిషం మాత్రం తిరిగిరాదు. మర్నాడు పత్రికలో ఆ వార్త ఎక్కడ ఉందో వెతుక్కోవలసి వచ్చింది. మన వైపు పిల్ల కామన్వెల్త్ రజతం వార్త అరచేయంత కూడా లేదు. నా పుస్తకంలో ఆమె వరుసలో రెండే గళ్లు నిండాయి, 83, 105. మిగతా నాలుగూ అలాగే ఉన్నాయి.

క్రికెట్‌కి మీరు స్కోరుబోర్డు వేస్తారు. అది చూసి నాకు కడుపుమంట లేదు, ఆ స్కోరుబోర్డు విలువ తెలుసు కాబట్టే ఇది అడుగుతున్నాను. మొన్న 2025 అక్టోబరులో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు విశాఖలో జరిగినప్పుడు ఆస్ట్రేలియా మ్యాచ్‌కి మా అబ్బాయి నన్ను తీసుకెళ్లాడు. మన పిల్లలు 330 కొట్టారు. స్టేడియంలో ఉన్నవాళ్లెవరికీ ఆ స్కోరు పోతుందన్న ఆలోచనే లేదు. ఆస్ట్రేలియా ఒక ఓవరు మిగిలి ఉండగానే కొట్టేసింది, హీలీ ఒక్కతే 142. తిరుగు ప్రయాణమంతా నేను నోరు విప్పలేదు. మర్నాడు స్కోరుబోర్డు ముందు పెట్టుకున్నాక తెలిసింది. 294కి నాలుగు వికెట్లే పోయిన జట్టు 330కి ఆలౌటయింది. 36 పరుగుల్లో ఆరు వికెట్లు. ఓటమి ఆ రాత్రి రాలేదు, సాయంత్రమే, మేమంతా కేరింతలు కొడుతుండగానే వచ్చింది. ఇంకో ముప్ఫై పరుగులుంటే వేరే సంగతి. ఆ అంకెలు చూశాక నా మనసు కుదుటపడింది. దుఃఖం పోలేదు, కాని దానికి కారణం దొరికింది. నవంబరు 2న ఆ పిల్లలే కప్పు ఎత్తినప్పుడు, విశాఖలో పోయిన మ్యాచ్ కూడా గుర్తుండబట్టే ఏడ్చాను. క్రికెట్ అభిమానికి మీరు ఇస్తున్నది ఇదే. మాకూ ఇవ్వమంటున్నాను. మాకు కావలసింది ఒక్క లైను.

మీరాబాయి చాను గురించి చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. జాకెట్టు కొలతకి వచ్చిన ఒకావిడ నా గోడ మీద ఆమె ఫొటో చూసి, "అది మణిపూరు గుంట కదే, నీకేటి సుట్టమా?" అంది. చుట్టమే. మల్లీశ్వరి ఎత్తుతున్న రోజుల్లోనే మణిపూరు నుంచి కుంజరాణీ దేవి ఎత్తేది. ఆడవాళ్ల బార్ ఎక్కడైనా పదిహేను కేజీలే, ఎర్ర ప్లేటు ఎక్కడైనా ఇరవై అయిదే. ఆ బార్ కిందకి దూరిన పిల్ల ఏ ఊరిదైనా నాకు మా పిల్లే.

2016 రియో ఒలింపిక్స్‌లో మీరాబాయి ఆరు ప్రయత్నాల్లో నిలబడింది ఒక్కటి, స్నాచ్‌లో. క్లీన్ అండ్ జెర్క్‌లో మూడూ పోయాయి, కాబట్టి మొత్తమే లేదు. పత్రికల్లో "విఫలం" అన్న ఒక్క మాట. మరుసటి ఏడాది ప్రపంచ పోటీల్లో అదే పిల్ల 194 ఎత్తి విజేత అయింది. 2021 జూలై 24న టోక్యోలో 87, 115, మొత్తం 202, రజతం. సిడ్నీ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లకి వెయిట్ లిఫ్టింగ్‌లో మళ్లీ ఒలింపిక్ పతకం. ఆ రోజు నేను మిషను ఆపేసి దుకాణం తలుపు వేసుకుని కూర్చున్నాను, ఎవరైనా వచ్చి చిన్నమాట మాట్లాడినా ఆ సంతోషం చెదిరిపోతుందేమోనని.

ప్యారిస్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. 2024 ఆగస్టు 7 రాత్రి, మన గడియారంలో పదకొండు గంటలకి మొదలైంది. మా అబ్బాయి ఫోనులో చూశాం, ముగ్గురం ఒకే మంచం మీద కూర్చుని. స్నాచ్‌లో 85 ఎత్తింది. 88 ఒకసారి పోయింది, మళ్లీ అడిగి ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్ మొదటి ప్రయత్నం 111. పోయింది. రెండోసారి అదే 111, ఎత్తింది. మొత్తం 199. మూడోది 114. పోయింది. థాయ్‌లాండ్ అమ్మాయి 200తో కాంస్యం తీసుకుంది. మనం నాలుగో స్థానం, ఒక్క కేజీ తేడాతో.

మర్నాడు అందరూ రాసింది ఆ ఒక్క కేజీ గురించే. మా దుకాణంలోనూ అదే మాట, "ఒక్క కేజీయే, అయ్యో." కాని ఆరు అంకెలూ చూడండి. ఆ రాత్రి పతకం పోయింది 114 దగ్గర కాదు, మొదటి 111 దగ్గర. అది మొదటిసారే నిలబడి ఉంటే రెండో ప్రయత్నానికి 113 అడిగే వీలుండేది. ఎత్తితే 201. ఎత్తలేకపోయినా చేతిలో ఇంకొకటి మిగిలేది. మొదటిది పోవడంతో రెండోది దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే సరిపోయింది, చివరిదాని మీద మొత్తం బరువు పడింది. ఇది తెలిసిన అభిమాని ఆమెని "ఒక్క కేజీ ఎత్తలేకపోయింది" అనడు. మొదటిది పోయాక కూడా వెనక్కి వచ్చి అదే బరువు ఎత్తిన గుండెకి దణ్ణం పెడతాడు. ఆ రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. కాని ఆమె మీద నాకు రవ్వంత కోపం రాలేదు.

ఇప్పుడు ఈ సంగతి చూడండి. 2025 అక్టోబరులో నార్వేలో ప్రపంచ పోటీలు జరిగాయి, 48 కేజీల తరగతి. స్నాచ్‌లో 84 ఎత్తింది, 87 రెండుసార్లూ పోయింది. అక్కడికే నా గుండె జారిపోయింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 109, 112, 115, మూడూ నిలబెట్టింది. మొత్తం ఎంతో తెలుసా? 199. ప్యారిస్‌లో కన్నీళ్లు పెట్టించిన అదే 199. ఈసారి రజతం. వెనకున్న థాయ్‌లాండ్ అమ్మాయి 198. ప్యారిస్‌లో ఒక్క కేజీ మనల్ని దాటిపోయింది, నార్వేలో ఒక్క కేజీ మన పక్కన నిలబడింది. మొత్తం ఒక్కటే అచ్చేస్తే ఈ రెండు రోజులూ ఒకేలా ఉంటాయి, పతకం ఒక్కటే అచ్చేస్తే ఒకటి ఓటమి, ఒకటి గెలుపు. రెండూ నిజం కాదు. ఒక రాత్రి స్నాచ్ బాగా వచ్చి జెర్క్ చెయ్యిచ్చింది, ఇంకో రోజు స్నాచ్ చెడి జెర్క్ ఆదుకుంది. ఆ మనిషి ఏం పడిందన్నది ఆ ఆరు అంకెల్లోనే ఉంది. ఆ తర్వాత కొద్దిరోజులకే సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లాం. మూడు లాంతర్ల దగ్గర ఆ జనంలో నిలబడి, సిరిమాను కదిలేదాకా మా ఆడపడుచుకీ ఆవిడ తోటికోడలికీ ఈ 199 కథే చెప్పాను. ఆ తోటికోడలు బార్‌ని ఎన్నడూ చూడలేదు. "మరి 87 రెండోసారి పోయాక ఆ పిల్ల ఏటనుకుందో" అంది. ఆ ప్రశ్న అడగగలిగిందంటే ఆవిడ కూడా అభిమాని అయిపోయినట్టే. ఆరు అంకెలు విన్న ఎవరైనా అలాగే అడుగుతారు.

ఇదంతా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కదా అనవచ్చు. మా అబ్బాయి కూడా అదే అన్నాడు. ఒలింపిక్స్‌వి, ప్రపంచ పోటీలవి ఇప్పుడు దొరుకుతున్నాయి, ఇంగ్లీషులో, వెతకడం వచ్చినవాళ్లకి. పత్రిక టీ కొట్టులో బల్ల మీద పడి ఉంటుంది, వెతకనివాడి కళ్లలో కూడా పడుతుంది. ఇక జిల్లా పోటీలవీ రాష్ట్ర పోటీలవీ ఎక్కడా దొరకవు.

జిల్లా పేజీ దగ్గరే నాకు ఎక్కువ బాధ. పిల్లల పోటీ జరిగితే వార్త వస్తుంది, కాదనను. "ప్రతిభ చాటిన క్రీడాకారులు" అని శీర్షిక. ముఖ్య అతిథి పేరు, గౌరవ అతిథి పేరు, జ్యోతి వెలిగించినవారి పేరు, ప్రసంగంలో రెండు వాక్యాలు. ఫొటోలో మధ్యన పెద్దలు, అంచుల్లో పిల్లలు. బరువెంత ఎత్తారో ఒక్క అంకె ఉండదు. మా వీధి చివర ఒక పిల్ల ఉంది, తండ్రి ఆటో నడుపుతాడు. తెల్లవారకముందే సాధనకి వెళ్తుంది. గుడ్లకీ పాలకీ తల్లి ఏ ఖర్చు తగ్గించుకుంటుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆవిడ పండక్కి కొత్త జాకెట్టు కుట్టించుకోవడం మానేసింది. ఆ పిల్ల మొన్న ఒక పోటీలో, మొదటి రెండు స్నాచ్‌లూ పోయి, మూడోది నిలబెట్టుకుని, పోటీలో మిగిలి, చివరికి రెండో స్థానంలోకి వచ్చింది. మూడోదీ పోతే ఆ రోజు ఆమెకి మొత్తమే ఉండేది కాదు. నేను ఆ హాల్లోనే ఉన్నాను. మూడోసారి బార్ దగ్గరికి వెళ్తుంటే దాని తల్లి నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్లు దిగాయి. మర్నాడు పత్రికలో ఆ పిల్ల పేరు వచ్చింది, ఇంటిపేరు తప్పుగా. "రజతం" అని ఉంది. ఆ తల్లి ఆ ముక్క కత్తిరించి దేవుడి పటం పక్కన అతికించింది. ఆ కాగితంలో తన కూతురు చేసినది ఏమీ లేదు. ఒక్క లైనులో ఆ మూడు స్నాచ్ అంకెలూ, రెండింటి పక్కన పోయిందన్న గుర్తూ ఉండి ఉంటే, పదేళ్ల తర్వాత ఎవరు చదివినా ఆ పిల్ల ధైర్యం తెలిసేది.

స్థలం లేదంటారేమో. ఎంత పడుతుందో రాసి చూపిస్తాను:

మీరాబాయి చాను (48 కేజీలు): స్నాచ్ 84, 87 (పోయింది), 87 (పోయింది), క్లీన్ అండ్ జెర్క్ 109, 112, 115, మొత్తం 199, రజతం.

అంతే. పెద్ద పోటీల్లో పతకాలు తెచ్చుకున్న ముగ్గురికీ, మన దేశం లిఫ్టరుకీ ఇలా ఒక్కో లైను. జిల్లా పోటీలైతే తరగతికి మొదటి ముగ్గురివి. ముఖ్య అతిథుల్లో ఇద్దరి పేర్లు తగ్గిస్తే ఆ చోటు దొరుకుతుంది.

ఇప్పుడే అడగడానికి ఒక కారణం ఉంది. 2026 జూలై 23 నుంచి మళ్లీ గ్లాస్గోలోనే కామన్వెల్త్ క్రీడలు. మన సంతోషి ఎత్తిన ఊరు. ఈసారి ఆ క్రీడల్లో చాలా ఆటలు తగ్గించారు, వెయిట్ లిఫ్టింగ్‌ని ఉంచారు. సెప్టెంబరు 19న జపాన్‌లో ఆసియా క్రీడలు మొదలవుతాయి. సిడ్నీ పతకం వచ్చిన తేదీ అదే. ఇంకో సంగతి, మల్లీశ్వరి సిడ్నీలో ఎత్తిన 69 కేజీల తరగతిని 2018లో తీసేశారు, 2025 జూన్ నుంచి మళ్లీ పెట్టారు. నా పుస్తకంలో ఆ తరగతి పేజీ చాలా ఏళ్లుగా ముందుకు సాగలేదు. మళ్లీ రాసే రోజులొచ్చాయి. ఆ రెండు క్రీడల్లోనూ మన పిల్లలు గెలుస్తారో లేదో, నా గుండె ఎన్నిసార్లు జారుతుందో, దానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

జిల్లా పోటీల అంకెలు తెచ్చుకోవడం విలేకరులకి కష్టమని నాకు తెలుసు, ఒకే రోజు నాలుగు చోట్లకి పరుగెత్తాలి వాళ్లు. మా ఆమదాలవలస, శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల జరిగే పోటీలకి నేను ఎలాగూ వెళ్తాను, అన్ని ప్రయత్నాలూ రాసుకుంటాను. పిల్లల ఇంటిపేర్లు కూడా అడిగి సరిచూసుకుంటాను. మీ విలేకరి నంబరు ఇప్పిస్తే పోటీ ముగిసిన సాయంత్రమే మొత్తం పట్టిక ఫొటో తీసి పంపిస్తాను. డబ్బులేమీ వద్దు, నా పేరు వేయనక్కర్లేదు. అంకెలు వేస్తే చాలు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా